పేరు మీద బొటనవేలు పెట్టి చూడు

డబ్లిన్‌లో ఉంటున్న మా మనుమరాలు రెండు బొమ్మలు పంపింది. ఒకటి అక్కడి మాయో కౌంటీది, రెండోది మన నిజాంసాగర్‌ది. కొండ, నీళ్లు, మబ్బు, కింద పెద్దక్షరాలతో పేరు. ఐర్లండ్‌లో కౌంటీల పేర్లతో ఇట్లాంటి బొమ్మలు అచ్చేసి అమ్ముతారట. అది చూసి "మన ఊరిది ఎందుకుండొద్దు తాతా" అని ట్యాబ్ మీద తనే గీసిందట. సంతోషమే. కానీ నా నోరు ఊరుకోదు కదా.

పేరు మీద బొటనవేలు పెట్టి చూశాను. మాయో బొమ్మలో శంఖం బోర్లించినట్టు క్రో పాట్రిక్ కొండ నిలబడి ఉంది. జూలై ఆఖరి ఆదివారం వేలమంది ఎక్కే యాత్రా కొండ అది. పేరు కప్పేసినా అక్కడివాడు పోల్చుకుంటాడు. మరి మనది? అయిదు గేట్లు, రెండు కొబ్బరిచెట్లు, వెనక పచ్చటి కొండలు, ఒక తెరచాప పడవ. పేరు తీసేస్తే ఏ రాష్ట్రంలో ఏ డ్యామైనా కావచ్చు. నిజాంసాగర్ కట్టిన మంజీర నది ఒడ్డునే ముసలివాణ్నయ్యాను, తెరచాప మాత్రం చూడలేదు.

కట్ట సంగతి చెప్పాలంటే అచ్చంపేట, బంజేపల్లి మధ్య దాదాపు మూడు కిలోమీటర్లు. 1923లో మొదలుపెట్టి 1931లో ముగించారు. చీఫ్ ఇంజనీరు అలీ నవాజ్ జంగ్. అంతా రాతి కట్టడం. గేట్లు ఒక్కచోట కుప్పపోసినట్టు ఉండవు, కట్ట పొడవునా వేరువేరు వరుసలు. గేట్ల కింద రాయి మీద నీళ్లు కారి కారి పట్టిన నల్లచారలు ఎండాకాలంలో కూడా కనపడతాయి. మా పిల్ల ఆ చారలు గీయలేదు. రాయిని సబ్బు పెట్టి కడిగినట్టుంది.

మా రోజుల్లో అంతా బాగుందని నేననను. బాన్సువాడ ఎరువుల దుకాణాలవాళ్లు సంక్రాంతి లోపల క్యాలెండర్లు పంచేవాళ్లు. శివకాశిలో అచ్చైనవి, పైనా కిందా రేకు పట్టీ. లక్ష్మీదేవి లేకుంటే మంచుకొండలు, ఎర్ర పెంకుల ఇల్లు, దాని కింద యూరియా కంపెనీ పేరు. ఫోటో స్టూడియోలో తెర మీద హంసలు తేలే చెరువు. పక్కనే అంత ప్రాజెక్టు పెట్టుకుని, గుడ్డ మీది చెరువు ముందు బిగుసుకుని నిలబడి ఫోటో దిగినవాళ్లం. నిజాంసాగర్ బొమ్మను గోడకు తగిలించాలని ఒక్కడికీ తోచలేదు. ఆ మాటకొస్తే మా మనుమరాలే నయం.

కానీ బొమ్మ అచ్చువేయడమంటే అప్పుడు ఒళ్లు వంచాల్సిన పని. మా పక్కనే మెదక్ జిల్లా నిజాంపూర్‌లో 1940లో పుట్టిన చిత్రకారుడు లక్ష్మాగౌడ్ ఎచింగులు చూడండి. లోహపు రేకుకు మైనం పూత పూసి, సూదితో గీసి, యాసిడ్‌లో ముంచి, సిరా పట్టించి, కాగితం పరిచి ప్రెస్సులో ఒత్తాలి. ఆ మేకలు, ఆ ఆడవాళ్లు, ఆ మగవాళ్లు మన పల్లెలవాళ్లేనని కింద పేరు లేకుండానే తెలుస్తుంది. ఒత్తగా ఒత్తగా రేకు మీది గీత అరుగుతుంది, అందుకని ఇన్నే తీస్తామని పెన్సిలుతో నంబరు వేస్తారు. మా పిల్ల కూడా బొమ్మ కింద 3/50 అని వేసింది. కంప్యూటర్‌లో ఉన్న బొమ్మ ఎక్కడ అరుగుతుందమ్మా?

పోనీ, నీళ్లయినా సరిగ్గా ఉన్నాయా అంటే, అంచుదాకా నీలం. కట్టినప్పుడు దాదాపు 30 టీఎంసీలు పట్టేది, పూడిక పేరుకుని ఇప్పుడు 17.8. పూర్తి మట్టం 1405 అడుగులు. పైన మంజీర మీదే సింగూరు ప్రాజెక్టు కట్టాక అది నిండితేగానీ మాకు పెద్దగా వరద రాదు. 2016 ఎండాకాలంలో నడిమధ్య నెర్రెలు విచ్చిన మట్టిలో పశువులు తిరిగాయి, ఆ ఏడే వానలు పడి గేట్లెత్తారు. ఈ రెండూ ఒక్క బొమ్మలో పెట్టగలిగినవాడే నా లెక్కలో చిత్రకారుడు.

ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. పడవ తీసెయ్, కొబ్బరిచెట్లు కోనసీమకు పంపించెయ్, రాయి మీద చారలు వెయ్, కొత్తనీళ్లకు మట్టిరంగు వెయ్ అన్నాను.

"మట్టిరంగు బొమ్మ ఎవరు కొంటారు తాతా?"

"నేను కొంటా. ఎంత?"

యూరోల్లో చెప్పింది. రూపాయల్లోకి లెక్కేసుకుని, పడవ ఉన్నదే ఉండనీ అన్నాను. చారలు మాత్రం వెయ్యమన్నాను, దానికి డబ్బులెందుకు?