బగ్గీకి కాడి

సౌదీలో స్టోర్‌కీపర్‌గా చేసేవాడు ఇంజనీరు కావాలంటే నాలుగేళ్ళు చదవక్కర్లేదు. పెద్దమనిషి ఎవరైనా భుజం తట్టి "ఇంతా ముహందిస్" అంటే సరిపోతుంది. దమ్మాంలో మా ముదీర్, అంటే మేనేజరు, ఒక గురువారం సాయంత్రం, ఇంటికెళ్ళబోతున్న నన్ను ఆపి మరీ నాకా పట్టా ఇచ్చాడు. వెనకే పనీ ఇచ్చాడు. ఆయన బగ్గీ కొన్నాడు, దానికి ట్రైలర్ చూడాలి.

బగ్గీ అంటే మన పెళ్ళికొడుకులు ఎక్కే గుర్రబ్బగ్గీ కాదు. కేన్-ఆమ్ మేవరిక్ ఎక్స్3, నాలుగు సీట్లది. ఆటోకీ జీపుకీ పుట్టి, జిమ్‌లో పెరిగినట్టు ఉంటుంది. 2020లో డాకార్ ర్యాలీ సౌదీకి వచ్చింది కదా, అందులో ఇలాంటి బళ్ళకు వేరే తరగతే ఉంది. మా ముదీర్‌కు తానూ ఆ తరగతి విద్యార్థినేనని నమ్మకం. ఖోబర్ దాటాక హాఫ్ మూన్ బే ఇసుక దిబ్బలున్నాయి. అక్కడిదాకా దీన్ని మోసుకెళ్ళాలి, అక్కడ ఇది ఆయన్ని మోస్తుంది.

"సత్హా మాట్లాడుకుంటే పోలా?" అన్నాను. సత్హా అంటే చెడిపోయిన కార్లను ఎక్కించుకుపోయే చదును లారీ. ముదీర్ మొహం మాడిపోయింది. కొత్త బండిని సత్హా మీద చూస్తే స్నేహితులు చెడిపోయిందనుకుంటారట. నిజమే, కొత్తల్లుణ్ణి అంబులెన్సులో తీసుకొస్తే ఊరేమనుకుంటుంది?

ట్రైలర్ల గురించి నాకు తెలిసిందల్లా పల్నాడులో మా తాతయ్య ఎడ్లబండి. ఆ సంగతి దాచి, టేపు జేబులో పెట్టుకుని సనాయాకు, అంటే వర్క్‌షాపుల పేటకు, బయల్దేరాను.

మొదటి కొట్టతను ఆరడుగుల వెడల్పు ట్రైలర్ చూపించాడు. మా బగ్గీ 72 అంగుళాలు, అంటే సరిగ్గా ఆరడుగులు. జోడీ కుదిరిందని సంబరపడి టేపు లాగితే, ఆయన ఆరడుగులు ఒక మడ్‌గార్డు బయటి అంచు నుంచి రెండో దాని బయటి అంచు దాకా! లోపల చూస్తే రెండు జానలు తక్కువ. "ఎలా పడుతుంది?" అంటే "ఇన్షా అల్లా" అన్నాడు. దేవుడి మీద నాకూ నమ్మకమేగానీ, అంగుళాల లెక్క ఆయన మీద వెయ్యడం న్యాయం కాదు.

రెండోచోట వెడల్పు కుదిరింది, బారు చాల్లేదు. నాలుగు సీట్ల బగ్గీ పదమూడడుగులు దాటుతుంది. పన్నెండడుగుల పలకమీద ఎక్కిస్తే పొట్టి మంచం మీద పొడుగు మామగారిలా కాళ్ళు బయట వేలాడతాయి.

మూడోచోట అన్నీ కుదిరాయి. వెడల్పు, పద్నాలుగడుగుల బారు, ఇరుసుకు సొంత బ్రేకులు. బగ్గీ ఎనిమిది వందల కిలోలు, ట్రైలర్ ఐదొందలు. యూరప్‌లోనైతే 750 కిలోలు దాటిన ట్రైలర్‌కు బ్రేకులు ఉండి తీరాలి. అక్కడి చట్టమైనా, ఆపాల్సిన బరువు ఇక్కడా అంతేగా. టైరు పక్కన నాలుగంకెలు చూశాను. 3217 అంటే 2017లో ముప్ఫైరెండో వారంలో పుట్టిందని. జాతకం చూశాక టైర్లు మార్పించాను. యాభై డిగ్రీల ఎండలో ఎనిమిదేళ్ళు కూర్చున్న రబ్బరు పైకి నల్లగా నిగనిగలాడుతుంది, లోపల అప్పడమే.

ఇక కారుకు తగిలించే గుండు. అమెరికావాళ్ళది రెండంగుళాలు, యూరప్‌ది 50 మిల్లీమీటర్లు. కొట్టతను రెండూ పక్కపక్కన పెట్టి "సేమ్ సేమ్" అన్నాడు. రెండంగుళాలంటే 50.8. ఆ పాయింటు ఎనిమిది దగ్గర నేను గంట పోట్లాడాను. గుండును పట్టుకునే ట్రైలర్ కప్పు మీద ఏం రాసుందో ఆ గుండే కావాలన్నాను. చివరికి టీ తెప్పించి, గుండు మార్చి ఇచ్చాడు.

శుక్రవారం జుమా అయ్యాక కంపెనీ యార్డులో ఎక్కించాం. ముదీర్ దర్జాగా నడుపుకుంటూ ర్యాంపెక్కి, ముందు కమ్మీకి ఆనించి ఆపాడు. ఆయన దిగేలోపే నేను ట్రైలర్ మెడ పట్టుకుని కాస్త లేపి చూశాను. లేచింది! పదమూడొందల కిలోల సంసారం నా ఒక్కడి చేతికి లేచిందంటే ఎక్కడో తేడా ఉంది.

తాతయ్య గడ్డి వేసేటప్పుడు ఎవరో ఒకర్ని కాడి దగ్గర నిలబెట్టేవాడు. ముందు బరువెక్కితే ఎడ్ల మెడలు వంగిపోతాయి. వెనక బరువెక్కితే కాడి పైకి లేచి, మెడకింది తాడు ఎడ్ల గొంతు పట్టుకుంటుంది. మెడమీద బరువుండాలి, బాధ ఉండకూడదు అనేవాడు. ట్రైలర్ తయారుచేసేవాళ్ళు అదే మాటను లెక్కలో చెబుతారు: మొత్తం బరువులో నూటికి పది నుంచి పదిహేను వంతులు గుండు మీద పడాలి. తగ్గితే హైవే మీద ట్రైలర్ తోక ఊపుతుంది. ఆ ఊపుకి ముందున్న కారూ ఊగుతుంది.

మాకు కనీసం 130 కిలోలు పడాలి. తూచడం ఎలా? గల్ఫ్‌లో ప్రతి రూములోనూ దేవుడి పటం పక్కన ఒక కాంటా ఉంటుంది, ఊరెళ్ళేటప్పుడు పెట్టెలు తూచుకోడానికి. మా రూములో ఉన్నది జగిత్యాల తమ్ముడిది. 160 కిలోల దాకా చూపించే ముల్లు కాంటా.

"పైలం అన్నా, వచ్చే నెల నేను ఊరికి వోవాలె" అంటూనే ఇచ్చాడు.

కాంటా మీద చెక్క ముక్క, దానిమీద ట్రైలర్ మెడ. ముల్లు 62 దగ్గర ఆగింది. బగ్గీని ఇంకా ముందుకు జరపడానికి చోటు లేదు. తల గోక్కుంటూ బగ్గీ చుట్టూ తిరిగితే అసలు దొంగ దొరికాడు. ఇంజను సీట్ల వెనకాల ఉంది!

"తిప్పి ఎక్కించాలి" అన్నాను.

ముదీర్ నన్ను చూసిన చూపుకి నా ఇంజనీరు పట్టా సగం చిరిగింది. అయినా దింపి, పావుగంట తంటాలుపడి రివర్సులో ఎక్కించాడు. ముల్లు 140. తాతయ్య ఉంటే బీడీ వెలిగించేవాడు. ఆయన మోకు వేసినట్టే నాలుగు చక్రాలకూ నాలుగు రాట్చెట్ బెల్టులు బిగించాను.

ఆ సంబరంలో ట్రైలర్ చక్రాల కింద రాళ్ళు పెట్టడం మర్చిపోయాను. నాలుగో బెల్టు బిగించేసరికి బండి రవ్వంత కదిలింది, మెడ చెక్కమీద నుంచి జారి ధన్‌మని కాంటా మీద పడింది. తుడిచి చూశాను, అద్దం కూడా పగల్లేదు. రాత్రికి రూములో యథాస్థానంలో పెట్టేశాను.

హైవే మీద ట్రైలర్ పెళ్ళికూతురిలా నడిచింది. కాకపోతే బగ్గీ మొహం వెనక్కి తిరిగి, వెనకొచ్చే కార్లన్నిటినీ గుడ్లురిమి చూస్తూ వచ్చింది. దిబ్బల దగ్గర స్నేహితులంతా మూగారు. బగ్గీకి ఇసుకంటే భయమా, ఇంటివైపు తిరిగి కూర్చుందని ఒకడన్నాడు. ముదీర్ నావైపు వేలు చూపించి "ముహందిస్ హిందీ" అన్నాడు, ఇండియా ఇంజనీరని. అది పొగడ్తో ఫిర్యాదో అరబీలో నాకింకా తేల్చుకునేంత పట్టు రాలేదు.

నెల తర్వాత తెల్లవారుజామున ఫోను. జగిత్యాల తమ్ముడు, ఎయిర్‌పోర్టు నుంచి. దమ్మాం ఎయిర్‌పోర్టు స్థలం 776 చదరపు కిలోమీటర్లు, దాదాపు బహ్రెయిన్ దేశమంత. అంత చోటులో ఒక్క మూడు కిలోలకు జాగా దొరక్క, కౌంటరు ముందు పెట్టె విప్పుకుని కూర్చున్నాడు.

"అన్నా, రూముల ముప్ఫయ్యే సూపించింది గదనే! గీడ ముప్ఫైమూడంటున్రు. గా కాంటాకు ఏమైందే?"

నేను గోడవైపు తిరిగి పడుకుని, నిద్రమత్తులో ఉన్నట్టు గొంతు పెట్టాను.

"ఇనవడుతుందా అన్నా? టాంగ్ డబ్బా తియ్యమంటవా, ఖర్జూరం తియ్యమంటవా?"