నేను మొయినాబాద్ లింకును

నేనొక లింకును. నీలి రంగు అక్షరాలు, వాటి కింద ఒక గీత, వెనక ఒక చిరునామా. నా ఒళ్లంతా ఇంతే. నా ఒక కొస సికింద్రాబాద్‌లో ఒక పెద్దావిడ నడిపే మిద్దె తోటల బ్లాగులో ఉంది, రెండో కొస మొయినాబాద్ దగ్గరి పూల నర్సరీ వెబ్‌సైటులో. వెబ్‌సైట్ల పని చేసేవాళ్లు నన్ను బ్యాక్‌లింకు అంటారు.

నాకు విలువ ఎట్లా వచ్చిందో చెప్పాలంటే 1998 దాకా వెనక్కి పోవాలి. స్టాన్‌ఫర్డ్‌లో చదువుకుంటున్న లారీ పేజ్, సెర్గీ బ్రిన్ అప్పుడు పేజ్‌ర్యాంక్ అనే లెక్కను ప్రచురించారు. పేజీలో ఏ మాటలున్నాయన్నది ఒక్కటే చూడకుండా, ఆ పేజీని ఎవరెవరు చూపిస్తున్నారో కూడా చూశారు. పెండ్లి సంబంధం ఖాయం చేసుకునే ముందు ఊళ్లో నలుగురిని అడుగుతాం, అందులో పరువున్న మనిషి మాటకు బరువెక్కువ ఇస్తాం గదా. గూగుల్ లెక్కకు మూలం అదే. ఒక మంచి పేజీ నుంచి బయలుదేరిన లింకు ఒక సాక్ష్యం.

సాక్ష్యానికి విలువ ఉందని తెలిశాక దాన్ని కొనేవాళ్లు, అమ్మేవాళ్లు తయారయ్యారు. వంద లింకులకు ఇంత అని ప్యాకేజీలు పెట్టారు. ఒకే వ్యాసాన్ని అటూ ఇటూ మార్చి పదుల బ్లాగులకు పంపి, ప్రతిదానిలో మా వాళ్లను ఇరికించారు. 2005లో గూగుల్, యాహూ, ఎమ్మెస్సెన్ కలిసి, ఈ లింకును సాక్ష్యంగా లెక్కపెట్టొద్దని చెప్పే నోఫాలో గుర్తు తెచ్చాయి. 2012 ఏప్రిల్‌లో పెంగ్విన్ అనే మార్పు వచ్చి దొంగ లింకుల మీద నిలబడ్డ సైట్లను కిందికి తోసింది. 2014 జనవరిలో గూగుల్ చెత్త ఏరివేత బృందానికి పెద్దగా ఉన్న మ్యాట్ కట్స్, లింకుల కోసం ఇతరుల బ్లాగుల్లో గెస్ట్ పోస్టులు రాసే దారి ఇక ముగిసిందని రాశాడు. పాఠకులకు పరిచయం కావడానికి రాసేదాన్ని తాను కాదనడం లేదని తరువాత వివరణ ఇచ్చాడు. ఆ వివరణను చాలామంది మర్చిపోయారు. నేను పుట్టింది దాని నీడలోనే.

నర్సరీ ఉన్నచోటు చెప్తాను. హైదరాబాద్ నుంచి చేవెళ్ల పోయే రోడ్డుకు అటూ ఇటూ పాత మర్రిచెట్లు. ఒక పక్క గండిపేట, ఇంకో పక్క హిమాయత్‌సాగర్. ఆ రెండు చెరువుల్ని కాపాడడానికి 1996 మార్చిలో వచ్చిన 111 జీవో 84 ఊళ్లలో పరిశ్రమలకు, పెద్ద కట్టడాలకు అడ్డం నిలిచింది. నగరానికి ఇంత దగ్గరలో ఇంకా పూల చేన్లు, పాలీహౌస్‌లు కనిపిస్తున్నాయంటే అందులో ఆ జీవో పాలు ఉంది. ఇక్కడి బంతి, చామంతి, గులాబీ తెల్లవారేసరికి గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కు చేరుతాయి.

ఆ నర్సరీ రైతు కూతురు డిగ్రీ చదివి, నాన్న పనికి వెబ్‌సైటు కట్టింది. చామంతి నారు అని ఎవరు వెతికినా పెద్ద పెద్ద ఆన్‌లైన్ దుకాణాలే పైన కనిపించేవి. లింకులు కొనిపెడతామని ఒక ఏజెన్సీ ఫోన్ చేస్తే ఆమె వద్దంది. మిద్దె తోటల బ్లాగులో పాత టపాలన్నీ కూర్చుని చదివింది. కింద వ్యాఖ్యల్లో ఒకే గోస మళ్లీ మళ్లీ కనిపించింది. "మొక్క ఏపుగా ఉంది, పండుగ దాటింది, ఒక్క మొగ్గ లేదు." ఎరువు మార్చమని ఒకరు, నీళ్లు తగ్గించమని ఒకరు చెప్తున్నారు. ఆమెకు అసలు కారణం తట్టింది. అప్పుడు ఉత్తరం రాసింది.

"నమస్తే మేడమ్. మీ పాఠకుల చామంతులు మొగ్గ తొడగకపోవడానికి వీధిలైటు కారణం కావచ్చు. మేము చేన్ల మీద బల్బులు పెట్టి కావాలనే మొగ్గను ఆపుతాం. మీరు సరేనంటే ఫొటోలతో సహా రాసి పంపిస్తాను."

ఆ ఉత్తరంలో నా ఊసే లేదు. అందుకే నాకు ఆ ఉత్తరమంటే అంత ప్రేమ. పెద్దావిడ జవాబు కూడా పొట్టిగానే ఉంది. "రాయి బిడ్డా. నర్సరీ గొప్పలు మాత్రం వద్దు. ఫొటోలు నీ చేన్ల తీసినవే ఉండాలె."

వ్యాసంలో ఉన్నది ఇది. చామంతికి రాత్రి పొడుగే సంకేతం. చీకటి గంటలు పెరిగితేనే మొగ్గ తొడుగుతుంది. నడిరాత్రి మూడు నాలుగు గంటలు వెలుతురు పడితే రాత్రి చిన్నదే అన్నట్టు ఆకులు, కొమ్మలే పెంచుకుంటూ పోతుంది. పూలు ఆలస్యంగా కావాలనుకునే రైతు బల్బులు వెలిగిస్తాడు, ఆర్పేశాక మొగ్గకు దారి వదులుతాడు. నగరంలో మిద్దె మీది కుండీకి ఆ బల్బు వీధిలైటు రూపంలో దొరుకుతోంది. కుండీని చీకటి మూలకు జరపాలి, లేదా సాయంత్రం ఆరింటి నుంచి పొద్దున ఏడింటి దాకా నల్లగుడ్డ కప్పి, పగలు తీసేయాలి. మొగ్గలు రంగు చూపేదాకా ఒక్క రాత్రి కూడా తప్పకుండా చేయాలి. నగరంలో కుండీ పెంచే మనిషికి ఈ సంగతి చెప్పగలిగింది బల్బులు పెట్టిన చేను మనిషే.

వ్యాసం చదివాక పెద్దావిడే నన్ను పెట్టింది. చివర రచయిత పరిచయంలో కాదు, బల్బుల సంగతి చెప్పిన వాక్యంలోనే, "మొయినాబాద్‌లో చామంతికి లైట్లు పెట్టే పద్ధతి" అన్న మాటల మీద. అక్కడ నొక్కితే నర్సరీ సైటులో ఫొటోలు, నెలల పట్టిక ఉన్న పేజీ తెరుచుకుంటుంది. "హైదరాబాద్‌లో ఉత్తమ నర్సరీ" అన్న మాటలు తొడిగి ఉంటే నేను ప్రకటన అయ్యేదాన్ని. చదివేవాడికి ఆ వాక్యం దగ్గర ఇంకా తెలుసుకోవాలని ఉంటుంది కాబట్టే నాకక్కడ చోటు దొరికింది.

నేనొక్కదాన్నే నర్సరీని గూగుల్ మొదటి పేజీకి ఎక్కించలేదు. ఒక్క లింకు వల్ల అయ్యే పని కాదది. కానీ నా మీదుగా వచ్చేవాళ్లు ఊరికే వచ్చిపోరు. ఫొటో తీసి పంపి తమ కుండీ సంగతి అడుగుతారు. నారు కొనే వీలు లేని దూరదేశపు తెలుగువాళ్లు కూడా అడుగుతారు. ఆమె అందరికీ జవాబు రాస్తుంది. బతుకమ్మ దగ్గరపడే రోజుల్లో నాకు తీరిక ఉండదు. ఒకసారి సైటు చిరునామాలు మార్చినప్పుడు పాత చిరునామాకు 301 దారిమళ్లింపు పెట్టి నా కొస తెగకుండా కాపాడింది కూడా ఆమే.

చేవెళ్ల, శంకర్‌పల్లి, షాబాద్ రైతుల పిల్లలూ, మీ ఇంట్లో గులాబీ కొమ్మ ఎక్కడ కత్తిరించాలో తెలిసినవాళ్లున్నారు, ఎండాకాలంలో పాలీహౌస్ వేడిని ఎట్లా దించాలో తెలిసినవాళ్లున్నారు. అది ఎవరికి అవసరమో వెతకండి, వాళ్ల పాత రాతలు చదవండి, వాళ్లు అడుగుతున్న ప్రశ్నకు జవాబు పంపండి. ఎవరైనా డబ్బు తీసుకుని లింకు పెడితే, 2019లో గూగుల్ తెచ్చిన స్పాన్సర్డ్ గుర్తు దానికి పెట్టమని మీరే అడగండి.