గెలిచిన రాజుకు తలకిందుల సలహాలు

1154 డిసెంబరు 19న వెస్ట్‌మినిస్టర్‌లో పట్టాభిషేకం జరిగేనాటికి రెండో హెన్రీకి 21 ఏళ్లు. చేతికొచ్చిన ఇంగ్లండు మాత్రం తనలో తానే కొట్టుకుని చితికిపోయిన దేశం. తాత మొదటి హెన్రీ ఒక్కగానొక్క వారసుడు 1120లో ఓడ మునిగి పోయాడు. కూతురు మటిల్డాను ఏలికగా ఒప్పుకుంటామని ఒట్టు వేసిన బారన్లే, 1135లో ముసలిరాజు కన్నుమూయగానే ఆయన మేనల్లుడు స్టీఫెన్‌కు పట్టం కట్టారు. మటిల్డా ఊరుకోలేదు. ఆ పోరు 1153 దాకా సాగి, స్టీఫెన్ బతికున్నంతకాలం అతనే రాజు, అతని తర్వాత మటిల్డా కొడుకు హెన్రీ అన్న ఒప్పందంతో ముగిసింది. ఏడాది తిరక్కుండానే స్టీఫెన్ పోయాడు.

ఇలాంటి గద్దె ఎక్కేవాడికి సలహాలకు కొదవుండదు. వెంటనే బయల్దేరు, శత్రువులను ఏరిపారెయ్, మనవాళ్లకు పంచిపెట్టు, పోయిన నేలను గుంజుకో అని చుట్టూ చేరినవాళ్లంతా చెబుతారు. 1216లో తొమ్మిదేళ్ల మూడో హెన్రీకైనా, 1461లో నాలుగో ఎడ్వర్డ్‌కైనా, 1485లో ఏడో హెన్రీకైనా ఎదురైంది ఇదే చిక్కు. రెండో హెన్రీ కథ చదివినకొద్దీ వీటిని తిరగేసి చెప్పాలని నాకు గట్టిగా అనిపిస్తుంది. ఆ గద్దె ఎక్కబోయే ప్రభువెవరైనా సరే, వారికే ఈ మాటలు.

ఆలస్యంగా వెళ్లండి

స్టీఫెన్ పోయింది అక్టోబరు 25న. నార్మండీలో ఉన్న హెన్రీ తాను చేస్తున్న కోట ముట్టడి ముగించుకుని, ఆపైన బార్‌ఫ్లూర్ రేవులో గాలి అనుకూలించక వారాల తరబడి ఆగి, డిసెంబరులో గానీ ఇంగ్లండు గట్టెక్కలేదు. అంతవరకు దేశానికి రాజు లేడు. 1135లో స్టీఫెన్ అయితే మూడు వారాల్లోనే ఉరుకులు పరుగులతో వచ్చి కిరీటం పెట్టించుకున్నాడు. ఆ తొందరను బారన్లు మర్చిపోలేదు. హెన్రీ కోసం మాత్రం ఆర్చిబిషప్ థియోబాల్డ్ దేశాన్ని కనిపెట్టుకుని ఉన్నాడు, ఒక్కడూ తిరగబడలేదు. మీరు లేని ఆరు వారాలూ దేశం నిలబడిందంటే మీ హక్కును నలుగురూ ఒప్పుకున్నట్టే. నిలబడలేదంటే ఆ సంగతి కిరీటం పెట్టుకోకముందే తెలియడం మేలు.

కోటల కూల్చివేత మీవాళ్లతో మొదలుపెట్టండి

కోట అనగానే ఆకాశాన్నంటే రాతిగోడలు ఊహించుకోవద్దు. ఆ కాలంలో లేచినవాటిలో చాలావరకు చుట్టూ కందకం తవ్వి, ఆ మట్టిని మధ్యలో గుట్టగా పోసి, పైన దుంగలతో దడి కట్టినవి. పారలు, గంపలు, వెట్టికి పట్టుకొచ్చిన ఊరి జనం ఉంటే చాలు, కొన్ని వారాల్లో ఒకటి లేస్తుంది. లేచాక అందులోని పదిమంది గుర్రపురౌతులు ఆ ఊరికే యజమానులు. కాపలా కాస్తున్నామన్న పేరుతో నెల తిరిగేసరికి కప్పం అడుగుతారు, ఇవ్వలేనివాణ్ణి పట్టుకుపోయి చీకటికొట్లో వేస్తారు. పీటర్‌బరో మఠంలోని సన్యాసి ఒకరు ఆ హింసను తమ చరిత్రపుస్తకంలో వరసగా రాసిపెట్టాడు. చదువుతుంటే కడుపు తరుక్కుపోతుంది. అలాంటి కోటలు 1,115 అని ఆనాటి ఒక చరిత్రకారుడు లెక్క చెప్పాడు. ఆ అంకెను ఇవాళ్టి చరిత్రకారులు నమ్మరు. అందులో పదోవంతే నిజమైనా, వెట్టి మోసిన ఊళ్లకు తక్కువ బాధేం కాదు.

కూల్చమంటే అందరి చూపూ ఓడిన పక్షం కోటల మీదికే పోతుంది. హెన్రీ కూడా ముందు యార్క్‌షైర్ వెళ్లి, స్టీఫెన్ మనిషి విలియం ఆఫ్ ఓమాల్ చేత స్కార్‌బరో కోట అప్పగింపజేసుకున్నాడు. నన్నడిగితే ముందు పడమటికి, హెరిఫర్డ్ ఎర్ల్ రోజర్ దగ్గరికి వెళ్లాల్సింది. రోజర్ తండ్రి మైల్స్ మటిల్డాకు కుడిభుజంగా నిలిచినవాడు, రోజర్ కూడా ఆ పక్షంవాడే. గ్లోస్టర్, హెరిఫర్డ్ కోటలు ఇచ్చెయ్యమనగానే ఆ మనిషే తలుపులు బిగించుకుని యుద్ధానికి సిద్ధమయ్యాడు. ఇంత చేసిన మా దగ్గరే లాక్కుంటారా అన్నది అతని కోపం. బంధువైన బిషప్ గిల్బర్ట్ ఫోలియట్ వెళ్లి బుజ్జగిస్తే గానీ దిగిరాలేదు. గెలిచినవాడి కోటే ఎక్కువ ప్రమాదం. ఓడినవాడు భయంతో ఎలాగూ వంగి ఉంటాడు, గెలిచినవాడు రాజు తనకు బాకీ ఉన్నాడనుకుంటాడు. ఆ బాకీకి తాకట్టుగా కోటను చేతిలో ఉంచుకుంటాడు.

ఏరు దాటాక తెప్ప తగలేశారని నింద వస్తుంది. పడండి. మీ పక్షంవాడి దడి ముందు కూలితే అవతలి పక్షానికి సాకు మిగలదు. 1155 వేసవిలో, కోట అప్పగించనని మొండికేసిన హ్యూ మార్టిమర్ అనే బారన్ బ్రిడ్జ్‌నార్త్‌లో ముట్టడి తట్టుకోలేక జులైలో లొంగిపోయినప్పుడు, హెన్రీ అతని భూములు అతనికే వదిలేశాడు. అది చాలా మంచి పని. కోట తీసుకోండి, కూడు తీసుకోకండి.

కిరాయి సైనికులను ఆ తొలి చలికాలంలోనే సముద్రం దాటించాలి. స్టీఫెన్ తెచ్చిపెట్టుకున్న ఫ్లెమిష్ దండును హెన్రీ అలాగే వెళ్లగొట్టాడు. బలం కుదురుకునేదాకా ఉంచుకుందాం అనే సేనానులుంటారు. జీతం అందని దండు ఊళ్ల మీద పడి మేస్తుంది గనక ఆ మాట వినొద్దు.

శత్రువు కొలువులో పనిచేసినవాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టండి

రిచర్డ్ డ లూసీ చివరిదాకా స్టీఫెన్ మనిషి. లండన్ టవర్, విండ్సర్ కోట అతని అధీనంలోనే ఉండేవి. లెస్టర్ ఎర్ల్ రాబర్ట్ కూడా యుద్ధం చివరి ఏడాది, 1153లో గానీ హెన్రీ వైపు రాలేదు. హెన్రీ ఈ ఇద్దరినే జస్టీషియర్లను చేశాడు. అంటే రాజు సముద్రానికి అవతల ఉన్నప్పుడు రాజ్యం నడిపే పెద్దలన్నమాట. తల్లి కోసం రక్తం ధారపోసినవాళ్ల కడుపు ఎంత మండి ఉంటుందో ఊహించుకోవచ్చు. కానీ ఇరవై ఏళ్లు ఓడిన పక్షానికి నమ్మకంగా పనిచేసినవాడికి నమ్మకంగా పనిచేయడం తెలుసు. గెలుపు ఎటుంటే అటు దూకినవాడికి తెలిసింది దూకడమే.

ఆప్తులకు పదవులివ్వడం ఎలా పరిణమిస్తుందో కూడా హెన్రీ జీవితంలోనే ఉంది. ప్రాణస్నేహితుడు థామస్ బెకెట్‌ను 1162లో కేంటర్‌బరీ ఆర్చిబిషప్‌ను చేశాడు. ఎనిమిదేళ్లకు రాజు కొలువులోని నైట్లే ఆ స్నేహితుణ్ణి గుడిలో నరికేశారు. ఇక 1173లో హెన్రీ మీద తిరగబడింది ఎవరు? కడుపున పుట్టిన ముగ్గురు కొడుకులు, కట్టుకున్న ఎలినార్, వాళ్లతో చేతులు కలిపిన లెస్టర్ కొత్త ఎర్ల్. ఆ ఎర్ల్ ఫ్లెమిష్ సైన్యంతో సఫోక్‌లో దిగినప్పుడు, రాజు దేశంలో లేకపోయినా అక్టోబరులో ఫోర్నమ్ దగ్గర అతణ్ణి ఓడించి బంధించినవాళ్లలో ముందున్నది ముసలి రిచర్డ్ డ లూసీయే.

పాత లెక్కలు తవ్వకండి

స్టీఫెన్ ఏలుబడి అసలు జరగనట్టే హెన్రీ వ్యవహరించాడు. హక్కులు, భూములు తాతగారి నాటికి ఎలా ఉండేవో అలా అన్నాడు. వినడానికి చక్కగా ఉంటుంది. కానీ అన్నేళ్లలో ఒకడి పొలం ఇంకొకడు దున్ని, పిల్లలకు పంచి, కట్నంగా ఇచ్చి ఉంటాడు. అప్పటి దాకా వెనక్కి వెళ్లి న్యాయం చేస్తామంటే ప్రతి ఊళ్లోనూ మళ్లీ యుద్ధమే. హెన్రీ పదేళ్లకు పైగా ఆ తగాదాలతో సతమతమై, 1166 ప్రాంతంలో ఒక తేలికైన దారి పట్టాడు. భూమి నుంచి గెంటేశారని ఎవరైనా మొర పెడితే, జిల్లా అధికారి ఇరుగుపొరుగు పన్నెండుమందిని పోగుచేస్తాడు. వాళ్లు ఆ పొలం కళ్లారా చూసి రావాలి. తర్వాత అడిగేది ఒక్క ప్రశ్న: ఫలానా గడువు తర్వాత, తీర్పేమీ లేకుండా, వీణ్ణి అన్యాయంగా గెంటారా లేదా? తాతల నాటి హక్కు ఎవరిదన్న ఊసు అక్కడ లేదు. అవునంటే పొలం తిరిగి ఇచ్చెయ్యాలి. అసలు హక్కు గొడవ తర్వాత వేరే తేల్చుకోవచ్చు.

నా సలహా: ఆ ప్రశ్నను మొదటి ఏడాదే పెట్టండి. పెట్టేటప్పుడు హెన్రీ వదిలేసిన వాళ్లను కూడా చేర్చుకోండి. స్వతంత్రులైన రైతులకే ఆ దారి తెరిచారు. దొర భూమికి కట్టుబడిన పాలికాపుకు రాజు కోర్టు గుమ్మం ఎక్కే హక్కు లేదు. కందకాలు తవ్వింది, చీకటికొట్లో పడింది ఎక్కువగా వాళ్లే. ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

పోయిన నేలను పోనివ్వండి

1149లో కార్లైల్‌లో పదహారేళ్ల హెన్రీని నైట్ చేసింది స్కాట్లండ్ రాజు డేవిడ్. ఉత్తరాది జిల్లాలను మీ వంశం దగ్గర్నుంచి లాక్కోనని కుర్రవాడు ఒట్టు వేశాడు. డేవిడ్ పోయాక 1157లో, గద్దె మీదున్న మనవడు మాల్కమ్ కూడా పదహారేళ్ల కుర్రవాడే. హెన్రీ అతణ్ణి చెస్టర్‌కు పిలిపించుకుని నార్తంబర్లాండ్, కంబర్లాండ్, వెస్ట్‌మోర్లాండ్ మూడూ పుచ్చుకున్నాడు. అందులో నార్తంబర్లాండ్ మాల్కమ్ తమ్ముడు విలియం చేతిలో ఉండేది. విలియం ఆ అవమానం మరిచిపోలేదు. తాను రాజయ్యాక, 1173లో హెన్రీ కొడుకులు తిరగబడగానే, నార్తంబర్లాండ్ కోసమే వాళ్లతో కలిసి దండెత్తాడు. 1174 జులైలో ఆనిక్ దగ్గర పట్టుబడ్డాడు కాబట్టి హెన్రీ గెలిచినట్టే లెక్క. కానీ ఆ రెండు వేసవుల్లో తగలబడింది సరిహద్దు పల్లెలు. మాట ఇచ్చారు గనక ఆ జిల్లాలు వదిలెయ్యాల్సింది.

ఖజానా ఖాళీగా ఉన్నా చితికిన ఊళ్లను అడగకండి

రాబడి తాతగారి నాటితో పోలిస్తే సుమారు సగానికి పడిపోయింది. లెక్కలు దారిలో పెట్టడానికి హెన్రీ తాతగారి ఖజానాదారు, ఈలీ బిషప్ నైజెల్‌ను మళ్లీ పిలిపించాడు. గళ్ల గుడ్డ పరిచిన బల్ల చుట్టూ కూర్చుని, జిల్లా అధికారులు చెల్లించే సొమ్మును బిళ్లలు జరుపుతూ లెక్కించి గొర్రెతోలు మీద ఎక్కించేవారు. 1156 నాటి పద్దుల్లో, ముఖ్యంగా మధ్య ఇంగ్లండు జిల్లాల్లో, డేన్‌గెల్డ్ పన్నుకు ఎదురుగా బీడు అని కొట్టేసిన మొత్తాలు కనిపిస్తాయి. పొలాలు నిజంగా బీడుపడ్డాయా, వసూలు కాలేదంతేనా అని చరిత్రకారులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. ఏదైనా కావచ్చు, ఆ బాకీ మరుసటి ఏడాది మోపకండి, ఆ పై ఏడాదీ మోపకండి. హెన్రీ కూడా 1162 తర్వాత ఆ పన్నే ఎత్తడం మానేశాడు.

డబ్బు కావాలంటే కోట తిరిగి కావాలనేవాడి దగ్గర తీసుకోండి. నార్ఫోక్ ఎర్ల్ హ్యూ బిగాడ్ 1165లో ఫ్రామ్లింగమ్, బంగీ కోటల కోసం 1,000 పౌండ్లకు ఒప్పుకున్నాడు. హెన్రీ అదే ఏడాది ఆ సఫోక్‌లోనే, సముద్రం పక్కన ఆర్ఫర్డ్ దగ్గర, బిగాడ్ మీద కన్నేసి ఉంచడానికి రాతికోట మొదలుపెట్టాడు. దానికైన ఖర్చు సుమారు 1,400 పౌండ్లు. తిరగబడే రకమని తెలిసినవాడు ఇస్తానని ఒప్పుకున్న సొమ్ము, వాడి మీద కాపలాకైన ఖర్చులో మూడింట రెండు వంతులకు పైగా ఉంది. అక్కడ తవ్వినవాళ్లకు, రాయి మోసినవాళ్లకు మాత్రం వెట్టి కాకుండా కూలి ఇవ్వండి.