అందరికీ అన్నీ కనపడాలి: ఆఫీసు పనులు కంప్యూటర్‌కెక్కించేవారికి చిట్కాలు

మీ ఆఫీసులో సెలవు చీటీలు, బిల్లులు, జీతాలు కంప్యూటర్‌కెక్కిస్తున్నారా? శుభం. సాఫ్ట్‌వేర్ కుర్రాడు మొదటిరోజే "సార్, ఎవరికేది కనపడాలి?" అని నసుగుతాడు. తడుముకోకుండా "అందరికీ అన్నీ" అనేయండి. మనలో మనకు దాపరికాలేమిటి?

ముందు సెలవు దరఖాస్తు పని పట్టండి. ఉద్యోగి ఫారం నింపి బటన్ నొక్కుతాడు. అది దానంతటదే సెక్షన్ అధికారికి, అక్కణ్నుంచి హెచ్‌ఆర్‌కి, ఆపైన జీతాల విభాగానికి పోతుంది. ఆస్పత్రి కాగితం మాత్రం పెళ్లికూతురి వెంట తోడపెళ్లికూతురిలా ప్రతి మజిలీకీ వెళ్లాలి. మా అకౌంటెంట్ గారు మొలల ఆపరేషన్ చేయించుకుని తిరిగొచ్చేసరికి, టీ తెచ్చే కుర్రాడు ఆయన కుర్చీలో దిండు వేసి సిద్ధంగా ఉంచాడు. కాగితం హెచ్‌ఆర్ దగ్గరే ఆగిపోయుంటే ఇంత ఆప్యాయత ఎక్కడ దొరికేది? ఆయన మొహం ఎందుకలా ఎర్రబడిందో నాకిప్పటికీ అర్థం కాదు.

బదిలీ అయినవాళ్ల లాగిన్ తీసేయకండి, బాధపడతారు. రిటైరైనవాళ్లదీ అంతే. అసలు మనిషికో పాస్‌వర్డ్ దేనికి? అందరికీ కలిపి ఒకటి పెట్టి, చీటీ మీద రాసి మానిటర్‌కి అంటించండి. రేపు ఎవరి జీతం ఎవరు చూశారని గొడవొస్తే, లాగ్ తీస్తే ప్రతి వరుసలోనూ 'అడ్మిన్' అనే ఉంటుంది. గొడవ అక్కడికక్కడే చప్పబడుతుంది. (నా జీతం గడి మాత్రం కనపడకుండా చేయించాను. పెద్దవాళ్ల సంగతి వేరు.)

బిల్లు పెట్టినవాడే మంజూరూ చేసుకుంటే ఒక సంతకం కలిసొస్తుంది.

ఇక ఆధార్. 12 అంకెల్లో చివరి 4 మాత్రమే కనపడే మాస్క్‌డ్ ఆధార్ ఉందనీ, నంబరు బదులు 16 అంకెల వర్చువల్ ఐడీ వాడొచ్చనీ ఎవడో ఒక తెలివైనవాడు అంటాడు. ఒప్పుకోకండి. రెండు వైపులా ఫొటో తీయించి ఆఫీసు వాట్సాప్ గ్రూపులో పెట్టమనండి. వెతుక్కునే బాధ తప్పుతుంది.

చట్టమంటూ బెదిరించేవాళ్లూ ఉంటారు. గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం చెప్పిందంటారు. డేటాకి సరైన కాపలా పెట్టకపోతే 250 కోట్ల రూపాయల దాకా జరిమానా వేయొచ్చని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో ఉందంటారు. దానికీ మందుంది: ఫారం అడుగున చీమల బారులాంటి అక్షరాల్లో 'అన్నిటికీ ఒప్పుకుంటున్నాను' అని రాసి, టిక్కు కూడా మీరే పెట్టేయండి.

ఒక్కటే చిరాకు. మొన్న సాఫ్ట్‌వేర్ కుర్రాడు మా అకౌంటెంట్ గారి దరఖాస్తు తెరిచి, జీతం లెక్క కట్టడానికి కంప్యూటర్ అందులోంచి ఏం తీసుకుందో చూపించాడు. ఆస్పత్రి కాగితం జోలికే పోలేదు. 'సెలవు రోజులు' అన్న గడిలోంచి ఒకే ఒక్క అంకె తీసుకుంది: 4.