సాగు నిలకడను కొలిచేవారు వినకూడని సలహాలు

సుస్థిర సాగు మీద సర్వేకు ఊళ్లోకి వెళ్లేవారికి, రైతు సంఘాల్లో లెక్కలు రాసేవారికి కొన్ని సలహాలు తేరగా దొరుకుతాయి. పని తొందరగా తెమిలిపోయే సలహాలవి. వాటిని పాటిస్తే ఫారం నిండుతుంది గానీ, ఆ సేద్యం పదేళ్ల తర్వాత ఉంటుందో లేదో మాత్రం తెలియదు.

‘ఎకరాకు ఎన్ని బస్తాలు పండాయో అడిగితే చాలు’ అనేది అన్నిటికన్నా ఎక్కువ చెరుపు చేసిన సలహా. దిగుబడి చెప్పేది ఈ ఏటి సంగతే. బోరు కింద రబీ వరి వేసిన రైతుకు గింజ బాగానే రావచ్చు. ఆ పంట కోసం నీళ్లు ఎన్ని అడుగుల లోతుకు దిగాయో బస్తాల్లో కనబడదు. సాగుకు కరెంటు ఉచితం కాబట్టి ఖర్చుల చిట్టాలోనూ కనబడదు. అందుకే పండిన గింజ పక్కనే దిగిన నీళ్లనూ రాయాలి.

అది ఇంజనీర్ల పని, రైతులకు చేతకాదు అనేవారి మాట అస్సలు వినకండి. 2000 తర్వాతి దశకంలో అనంతపురం, మహబూబ్‌నగర్, ప్రకాశం సహా ఉమ్మడి రాష్ట్రంలోని ఏడు కరువు జిల్లాల్లో, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో రైతులే ఆ పని చేశారు. కురిసిన వానను వర్షమాపకంతో కొలిచారు. ఎంచుకున్న బోర్లలో నీటిమట్టాన్ని క్రమం తప్పకుండా చూసి పుస్తకంలో ఎక్కించారు. రబీ ముందు కూర్చుని భూమిలో ఉన్న నీరెంత, వేయదలచిన పంటలకు కావలసిందెంత అని బేరీజు వేసుకున్నారు. ఆ అంకెలు అందరికీ కనబడేలా ఊరి గోడల మీదికెక్కాయి. వరి మానమని ఎవరినీ ఎవరూ బలవంతపెట్టలేదు. లోటు కళ్లెదుట ఉండేసరికి చాలామంది వరి తగ్గించి ఆరుతడి పంటలకు మళ్లారు. కొలత చేతికందితే రైతు ఏం చేస్తాడో చెప్పడానికి నాకు ఇంతకన్నా మంచి సాక్ష్యం తెలియదు.

‘మట్టి ఎక్కడ తీసినా ఒకటే’ అనే మాటా నమ్మకండి. గట్టు పక్కన, చెట్టు నీడన, పెంటకుప్ప వేసిన చోట తీసిన మట్టి చేను సంగతి చెప్పదు. చేనంతా వంకరటింకరగా నడుస్తూ ఎనిమిది పది చోట్ల ‘వి’ ఆకారంలో 15 సెంటీమీటర్ల గుంట తీయాలి. గుంట పక్కను పైనుంచి కిందికి పలచగా చెక్కి, అన్నీ కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు రెండు పారేయాలి. అర కిలో మిగిలేదాకా ఇలాగే చేసి నీడన ఆరబెట్టాలి. 2015లో మొదలైన భూసార కార్డుల పథకంలో తొలుత నీటి వసతి ఉన్న చోట రెండున్నర హెక్టార్లకు, మెట్టలో 10 హెక్టార్లకు ఒక్క నమూనా చొప్పున తీశారు. అంటే రెండెకరాల రైతు కార్డులో ఉన్నది పక్కవాడి మట్టి కావచ్చు. పైగా సేంద్రియ కర్బనం ఒక పంటకాలంలో పెరిగిందని తేల్చేయడం తొందరపాటు. ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్‌లో 1843లో మొదలుపెట్టిన గోధుమ మడులను ఇప్పటికీ కొలుస్తూనే ఉన్నారు.

‘రసాయనాలు మానేశాడా? అయితే సుస్థిరమే’ అనడం కూడా తప్పే. 2021లో శ్రీలంక రసాయన ఎరువుల దిగుమతిని ఉన్నట్టుండి ఆపేసింది. ఆ ఏడు ముగియకముందే వెనక్కి తగ్గినా, వరి దిగుబడి పడిపోయింది. ఎరువు మానడం ఎంత ముఖ్యమో, మానిన రైతు ఇల్లు గడవడం అంతే ముఖ్యం.

ఇక నేను గట్టిగా వద్దనేది ‘అన్ని మార్కులూ కలిపి సగటు తీయండి’ అనే సలహా. మట్టికి తొంభై, ఆదాయానికి తొంభై, నీళ్లకు పది వస్తే సగటు అరవై మూడు దాటుతుంది. కాగితం మీద ఆ రైతు ఫస్టు క్లాసులో పాసైనట్టే. బోరు ఎండిన రోజున ఆ మిగతా మార్కులు అతనికి ఒక్క తడి కూడా ఇవ్వలేవు. ఫ్రాన్సులో వ్యవసాయ విద్య కోసం తయారుచేసిన ‘ఇదేయా’ పద్ధతి ఈ మోసాన్ని పసిగట్టింది. పర్యావరణం, సమాజం, ఆర్థికం మూడింటికీ వందేసి మార్కులు పెట్టి, ఏది అన్నిటికన్నా తక్కువైతే దాన్నే ఆ పొలం మార్కుగా తీసుకుంటుంది. మనమూ అలాగే చేయాలి.

చివరగా, పాసుపుస్తకం ఉన్నాయన్నే అడిగి రమ్మని మీకు చెబుతారు. మన దగ్గర చాలా చేలల్లో నాగలి పట్టేది కౌలు రైతు. నోటిమాట మీద ఒక్క ఏడాదికి తీసుకున్న భూమికి చెరువు మట్టి తోలించడానికి అతను అప్పు చేయాలా? ఐక్యరాజ్యసమితి సుస్థిర సాగు కోసం పెట్టుకున్న 11 కొలమానాల్లో భూమి మీద భద్రమైన హక్కు ఒకటి, వ్యవసాయ కూలీ రేటు ఇంకొకటి. మన ఫారాల్లో ఆ రెండు గడులూ ఉండాల్సిందే.

ఈసారి వెళ్లినప్పుడు చేను ఎవరు చేస్తున్నారో కనుక్కుని ఆయన దగ్గరే కూర్చోండి. మోటారు వేయకముందే, తెల్లవారుజామున బోరులో నీళ్లు కొలవండి. రాసిన కాగితం నకలు ఒకటి ఆయన చేతికిచ్చి రండి.