బండి మనది, పానా మనది

మెకానిక్ దగ్గరికి బండి తీసుకెళ్ళడమంత తెలివితక్కువ పని ఇంకోటి లేదు. ఆయన ఒక్క కిక్ కొడతాడు, చెవి ఓ పక్కకి వంచుతాడు, "ఎవరు కెలికారు సార్ దీన్ని?" అంటాడు. మన బండిని మనం ముట్టుకుంటే కెలకడం, అదే పని ఆయన చేస్తే సర్వీసింగు! పదిహేనేళ్ళుగా నా స్ప్లెండర్ మీద నా చెయ్యి తప్ప ఇంకో చెయ్యి పడలేదు. సర్వీసింగుకని ఎవరికీ ఒక్క రూపాయి ఇచ్చింది లేదు. సామాన్లకి అయిందంటారా, అది వేరే లెక్క. ఇంత పనితనం నాతోనే పోకూడదని ఈ చిట్కాలు రాస్తున్నాను. వరసగా చేసుకుంటూ పొండి.

1. ఏ పనైనా సరే, ఇంట్లో "పది నిమిషాలు" అనే చెప్పండి. గంట అన్నారంటే "ముందు కూరగాయలు తెచ్చిపెట్టి మొదలెట్టండి" అంటారు. పది నిమిషాలంటే ఎవరూ అడ్డు చెప్పరు. సామాన్లు వరండా నిండా పరిచేశాక బజారుకి వెళ్ళడానికి ఎలాగూ బండి ఉండదు. మళ్ళీ ఏదైనా పని చెప్పబోతే నల్లటి చేతులు రెండూ పైకెత్తి చూపించండి. ఆ చేతులున్న మనిషికి పాలగిన్నె కూడా ఎవరూ అప్పజెప్పరు. సాయంత్రం దాకా కడుక్కోకండి.

2. బండితో ఇచ్చిన పుస్తకం దాచుకోండి. కాగితం మంచిది, నూనె బాగా పీలుస్తుంది. మొదటి పేజీల నుంచి చింపుకుంటూ వస్తే రెండేళ్ళు వస్తుంది.

3. పానాల సెట్టు కొనకండి. కటింగ్ ప్లేయరు, స్క్రూడ్రైవరు, సుత్తి, ఈ మూడింటితో లొంగని బండి లేదు. ఇంజన్ కింద ఆయిల్ దించే బోల్టుకి 17 నంబరు పానా కావాలంటారు. ప్లేయరుతో గట్టిగా పట్టి తిప్పండి. మొదటిసారి జారుతుంది, రెండోసారి జారుతుంది, మూడోసారికి ఆ ఆరు పలకలూ అరిగి బోల్టు తల నున్నగా, గుండ్రంగా తయారవుతుంది. ఇక దాన్ని ఏ దొంగా విప్పలేడు. అప్పుడు అంచు మీద స్క్రూడ్రైవరు ఏటవాలుగా ఆనించి సుత్తితో కొట్టండి, కదులుతుంది.

బిగించేటప్పుడు చేతికి ఇక తిరగదు అనిపించాక ఇంకో అర చుట్టు తిప్పండి. ఈ అర చుట్టులోనే ఉంది విద్యంతా. ఒక్కోసారి టక్కుమని చిన్న చప్పుడొచ్చి, అప్పటిదాకా మొండికేసిన బోల్టు వెన్నలా తిరగడం మొదలెడుతుంది. ఇంజన్ కేసింగు అల్యూమినియం, బోల్టు ఉక్కు. రెండూ ఒకదానికొకటి అలవాటుపడ్డాయన్నమాట. దారం చుట్టి, పైన ఎంసీల్ ముద్ద పెట్టి, బొటనవేలితో నొక్కి ఆరనివ్వండి. మా బండి కింద ఈ రోజుకీ నిమిషానికి రెండు చుక్కలే పడతాయి, నేను కూర్చుని లెక్కపెట్టాను. దాని కింద ఓ చిప్ప పెడితే ఆ ఆయిలే మళ్ళీ పోసుకోవచ్చు.

4. తిరిగి బిగించాక నాలుగైదు నట్లు మిగలాలి. మిగలలేదంటే మీరు లోపలిదాకా విప్పలేదని అర్థం. వాటిని ఆవకాయ జాడీ ఖాళీ అయ్యాక అందులో వేసుకోండి. మా జాడీ మెడదాకా వచ్చింది. బండి కూడా మునుపటికంటే తేలికయింది, స్టాండు వేసేటప్పుడు చేతికి తెలుస్తుంది.

5. ఆయిల్ విషయంలో జనాన్ని బాగా భయపెట్టి పెట్టారు. డబ్బా మీద జేఏఎస్ఓ ఎంఏ అని ఉండాలట, బైకుల్లో క్లచ్ ప్లేట్లు కూడా అదే ఆయిల్లో మునిగి ఉంటాయి కాబట్టి కార్ల ఆయిల్ పొయ్యకూడదట, అందులో జారుడు కోసం కలిపే మందు క్లచ్‌ని పట్టనివ్వదట. జారడం మంచిదే కదా! మా బావమరిది కారుకి మార్చగా అడుగున మిగిలిన ముప్పావు లీటరు పోశాను. మర్నాడే తేడా తెలిసింది. బెంజిసర్కిల్ సిగ్నల్ దగ్గర యాక్సిలేటరు తిప్పితే ఇంజన్ రయ్యిమని లేచింది, అందరూ నా వైపు చూశారు. బండి మాత్రం తొందరపడకుండా, పెళ్ళికూతురిలా నెమ్మదిగా కదిలింది. అంత హుందాగా కదిలే బండి మీద ఓవర్ స్పీడు చలానా ఎవడు రాస్తాడు?

కొత్త ఆయిల్ కొనాల్సి వస్తే సగమే కొనండి. పాతది పంచె గుడ్డలో వడకట్టి కలపండి. నల్లగా ఉందని పారబొయ్యకండి. అది నలుపు కాదు, అనుభవం. వేళ్ళ మధ్య రుద్దితే సన్నటి ఇసుకలా, వెండి పొడిలా తగులుతుంది. అది మన ఇంజన్‌దే, ఇంజన్‌లోకే పోవాలి.

6. ఎయిర్ ఫిల్టర్ తీసి పారేయండి. గాలి పీల్చుకునే ముక్కుకి గుడ్డ కట్టి పరిగెత్తమంటే ఎవరైనా పరిగెత్తుతారా? తీసిన రోజు నుంచీ బండి ఊపిరి మీకే వినిపిస్తుంది. దుమ్ము లోపలికెళ్ళి పిస్టన్ రింగులు, సిలిండరు గోడలు అరుగుతాయని భయపెడతారు. అరిగితే ఇంజన్ వదులవుతుంది, వదులైతే కిక్కు తేలిగ్గా పడుతుంది. మా నాన్నగారికి డెబ్బై ఆరేళ్ళు, ఇప్పుడు ఆయన కూడా చేత్తో కొట్టగలరు. ఏడాది తిరిగేసరికి సైలెన్సరు నుంచి నీలంగా పొగ వస్తుంది. దోమలు పోతాయి. సాయంత్రం ఆరింటికి గేటు దగ్గర ఓ ఐదు నిమిషాలు స్టార్టు చేసి ఉంచండి, వీధి వీధంతా మీకు రుణపడుతుంది. పక్కింటి మాస్టారు కిటికీలు వేసుకుంటున్నారంటే దోమలు అటు వెళ్తున్నాయన్నమాట.

ఆ తరవాత సిలిండరు బోరింగు చేయించాలంటారు. మొదటి పిస్టన్ పావు మిల్లీమీటరు పెద్దది వేస్తారు. మన దుమ్ము అంతకంటే ఎక్కువ చోటు ఉచితంగా చేసిపెడుతుంది.

7. గాలి బొటనవేలితో చూడండి. ముందు 25, వెనక 28 అని మీటరు పట్టుకుని చెప్పేవాళ్ళ మాట వినకండి. వేలు దిగితే మెత్తటి ప్రయాణం, దిగకపోతే గట్టి ప్రయాణం.

8. చైను వీణ తీగలా బిగించండి. మధ్యలో రెండు మూడు సెంటీమీటర్లు ఆడాలని రాస్తారు, వెనక మనిషి కూర్చుని చక్రం కిందికి దిగినప్పుడు చైనుకి చోటుండాలని. కాబట్టి వెనక ఎవరినీ ఎక్కించుకోకండి. "చైను బిగువుగా ఉంది, మీరెక్కితే తెగుతుంది" అన్న ఒక్క మాటతో ఆఫీసులో నాకు ముగ్గురు తప్పారు. రోజూ పొద్దున్నే పటమట దాకా దింపమనే మా వదినగారు కూడా తప్పారు. చైను ఒక్కటీ చేసిపెట్టే లాభం ఇంకే భాగమూ చెయ్యదు. స్ప్రాకెట్ పళ్ళు అరిగి కొక్కేల్లా వంగాయనుకోండి, అప్పుడవి చైనుని ఇంకా గట్టిగా పట్టుకుంటాయి.

9. సైలెన్సరు లోపలి జాలీ గొట్టం వెల్డింగు షాపులో కోయించేయండి. 80 సీసీ దాటి 175 సీసీ దాకా ఉన్న బండ్లు 77 డెసిబెళ్ళు దాటకుండా తయారవ్వాలని నిబంధన. మన స్ప్లెండర్ గొంతు ఆ లెక్కల్లోనే నొక్కుకుపోయింది. కోయించాక సందు మొదట్లోనే మీరొస్తున్నట్టు ఇంట్లో తెలుస్తుంది, అన్నం వడ్డించి ఉంచుతారు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ ఇచ్చినదాన్ని మార్చకూడదంటుంది. హైదరాబాదులో, విశాఖలో ఇలాంటి సైలెన్సర్లను రోడ్డు మీద పరిచి రోడ్డు రోలరుతో తొక్కించారు కూడా. దానికి విరుగుడు తేలిక. చెకింగు కనిపించగానే ఇంజన్ ఆపి, దిగి, తోసుకుంటూ వెళ్ళండి. ఆగిన బండికి శబ్దం ఉండదు. "పెట్రోలు అయిపోయిందండీ" అనండి, కాస్త ఒగర్చండి. నేను బందరు రోడ్డులో ఒకే రోజు నాలుగు చోట్ల తోశాను. ఆరోగ్యానికీ మంచిది, ఆఫీసుకి ఆలస్యమైతే సాకూ మంచిదే.

10. మీది 2020 ఏప్రిల్ తరవాత వచ్చిన బీఎస్ 6 బండి అయితే చాలావరకు కార్బొరేటరు ఉండదు, పెట్రోలు ఇంజెక్షనూ సెన్సర్లూ ఉంటాయి. మీటరులో పసుపుపచ్చ ఇంజన్ బొమ్మ వెలుగుతుంది. దానికి నల్ల ఇన్సులేషన్ టేపు అతికించండి. ఆ రిపేరుకి ఇంతకంటే చవకైన పద్ధతి లేదు.

11. ఇక కరెంటు పని. దీనికి నిదానం కావాలి. లారీ హారను కొనండి. స్ప్లెండర్‌కి లారీ హారను పెడితే పడవలాంటి కారు కూడా పక్కకి తప్పుకుంటుంది. వైర్లు పళ్ళతో ఒలిచి, మెలిపెట్టి, టేపు లేకపోతే బొట్టుబిళ్ళల అట్ట చుట్టండి. మొదటిసారి నొక్కగానే ఫ్యూజు పోతుంది. కొత్తది వెయ్యండి, అదీ పోతుంది. ఫ్యూజు పని వైరు కాలకముందే తాను తెగడం. అంత పిరికి వస్తువు మన బండిలో ఎందుకు? సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం సన్నగా చుట్టి ఆ చోట పెట్టండి. ఇక అది తెగదు.

హారను మోగుతున్నంతసేపూ ట్యాంకు కింద గోరువెచ్చగా ఉంటుంది, చలికాలం మోకాళ్ళకి హాయి. ఎర్ర వైరు తొడుగు మెల్లగా మెత్తబడి, పక్కనున్న ఆకుపచ్చ వైరుకి అతుక్కుని రెండూ ఒకటవుతాయి. అప్పటినుంచి బ్రేకు నొక్కితే హారను కూడా మోగుతుంది. షోరూములో ఎంతిచ్చినా ఈ సౌకర్యం రాదు. వాసన వస్తోందని ఇంట్లో అడిగితే అగరొత్తి వెలిగించి హ్యాండిలుకి గుచ్చండి. భక్తి అనుకుంటారు.

12. బ్రేకు కిర్రుమంటే షూల మీద రెండు చుక్కలు కొబ్బరినూనె వెయ్యండి. శబ్దం పోతుంది. ఆపడానికి కాళ్ళున్నాయి. పాత చెప్పులు వేసుకోండి, కొత్తవి అరుగుతాయి.

13. ఇవన్నీ చేశాక ఒకరోజు ఇంజన్ లోపల్నించి కొత్త శబ్దం వస్తుంది. ఖంగ్, ఖంగ్ అని, ఇత్తడి బిందెలో గులకరాయి దొర్లినట్టు. ఆ రోజు అసలు కంగారుపడకండి, విప్పకండి, ముట్టుకోకండి. బండి శుభ్రంగా కడిగి, సీటుకి కొబ్బరినూనె రాసి తళతళలాడించి, ఎవరికైనా ఇచ్చెయ్యండి. బండి ఎవరి చేతిలో ఆగితే వాళ్ళే పాడుచేసినట్టు. ఇంత గట్టి న్యాయం ఏ కోర్టులోనూ లేదు.

ఇచ్చేవాళ్ళని జాగ్రత్తగా ఎంచుకోండి. అన్నయ్యకి ఇవ్వకండి, ఆయన తిరిగి అరుస్తాడు. స్నేహితుడికి ఇవ్వకండి, వాడు వాటా అడుగుతాడు. బావమరిది సరైనవాడు, అక్క కాపురం చూసి నోరెత్తడు. మావాడు కారు సర్వీసింగుకిచ్చి, ఏలూరులో పెళ్ళిచూపులకి వెళ్ళాలని బస్సు టైము అడిగాడు. "బస్సెందుకురా, మన బండి లేదూ!" అని నేనే తాళం చేతిలో పెట్టాను. హనుమాన్ జంక్షన్ దాటాక ఫోను చేశాడు.

"బావా, బండి ఆగిపోయింది. కిక్కు కిందికి దిగట్లేదు."

ఇక్కడ మొదటి మాట మీదే కావాలి, రెండో మాటకి చోటివ్వకూడదు. "నేనిచ్చినప్పుడు బాగానే ఉందే! ఏం చేశావురా దాన్ని?" అని గొంతులో కాస్త బాధ పెట్టి అడగండి. అటునుంచి ఓ క్షణం ఏమీ వినపడదు. తరవాత "సారీ బావా" అంటాడు. ఫోను పెట్టేసి, మీ ఆవిడకి వినపడేలా ఓ నిట్టూర్పు విడవండి.

రాత్రి పదింటికి ట్రాలీ ఆటోలో బండి వేసుకొచ్చాడు. కిరాయి తనే ఇచ్చాడు, ఇంజన్ తనే చేయిస్తానన్నాడు. పెళ్ళిచూపులు వాయిదా పడ్డాయి. అతను లోపలికెళ్ళి అక్క పెట్టిన మజ్జిగ తాగుతున్నప్పుడు మీరు చెయ్యాల్సిన పని ఒకటుంది. ట్యాంకు మూత తీసి టార్చి వేసి చూడండి. పొద్దున బయల్దేరేటప్పుడు ఫుల్ ట్యాంకు కొట్టించే ఉంటాడు. సీసాలు సిద్ధంగా ఉంచుకోండి.