సెక్షన్ 30, పెద్ద డ్రమ్ము

మీ తరం వాళ్లు పాట వినిపిస్తే ముందు దాని మతం అడుగుతారు, తరవాత రాగం అడుగుతారు. రాగం అడుగుతారని మర్యాదకి అన్నాను. అదీ అడగరు. ఫోను తీసి, ఎవడు రాశాడో ఎందుకు రాశాడో వెతికి, మనోభావాలు దెబ్బతిన్నాయని నలుగురికీ పంపేసి పడుకుంటారు. మా రోజుల్లో మనోభావాలు దెబ్బతినాలన్నా ఓపిక కావాలి. మూడు మైళ్లు నడిచి పోలీస్ స్టేషనుకొచ్చి, చెప్పులు బయట విడిచి, నా బల్ల ముందు నిలబడి చెప్పుకోవాలి. సగం మంది దార్లో టీ తాగి వెనక్కి పోయేవారు.

నేను స్టేషన్లో రైటరుగా చేసి రిటైరయ్యాను. ఎఫ్‌ఐఆర్లూ, జనరల్ డైరీ, బందోబస్తు చిట్టాలూ అన్నీ నా చేతి రాతే. ఊళ్లో ఏ ఊరేగింపు కదలాలన్నా కాగితం నా బల్ల మీంచే పోవాలి. 1861 నాటి పోలీసు చట్టంలో 30వ సెక్షనని ఒకటుంది. ‘సెక్షన్ 30 అమల్లో ఉంది’ అని ఇప్పటికీ పేపర్లో వేస్తుంటారు చూడండి, అదే. ఊరేగింపుకి పర్మిషన్ కావాలన్నది అందరికీ తెలుసు. పండగలప్పుడు వీధుల్లో మేళం ఎంతవరకు వాయించొచ్చో చెప్పే అధికారం కూడా ఆ సెక్షన్లోనే ఉందని చాలామందికి తెలీదు. తెల్లదొరకి మన డప్పులంటే అంత భయం.

మా ఊళ్లో అప్పట్లో ఒకటే బ్యాండు మేళం. పైన ఎర్ర కోటు, భుజాల మీద బంగారు రంగు కుచ్చులు, కింద మాత్రం ఎవడి పంచె వాడిది, ఎవడి హవాయి చెప్పులు వాడివి. క్లారినెట్టు మాస్టారు సాయిబు. ట్రంపెట్టు వాయించే అన్నదమ్ములిద్దరూ చర్చి పేట వాళ్లు. పెద్ద డ్రమ్ము ఎలిమెంటరీ స్కూలు ప్యూనుది, అంటే స్కూలుది కాదు, ఆయనదే. వినాయక నిమజ్జనానికి వీళ్లే, పీర్ల పండక్కి వీళ్లే, మట్టల ఆదివారం చర్చి వాళ్ల ఊరేగింపుకీ వీళ్లే. పెళ్లికొడుకు ముందూ వీళ్లే, పండు ముసలి పోతే పాడె ముందూ వీళ్లే. వాళ్లకొచ్చిన పాటలు పట్టుమని పాతిక లేవు. వాటినే అటూ ఇటూ తిప్పేవారు. స్వామికి గబగబా వాయించిన పాటే శవానికి నెమ్మదిగా వాయిస్తే సరిపోయేది. ఎవరూ ఏమీ అనలేదు. శవం అసలే అనదు.

పెద్ద బజార్లో మసీదుండేది. ఊరేగింపు దాని ముందరి కరెంటు స్తంభం దగ్గరికి రాగానే మాస్టారు క్లారినెట్టు పైకెత్తి గాల్లో ఓ సున్నా చుట్టేవాడు. ఎత్తిన డ్రమ్ము కర్ర ఎత్తినట్టే ఆగేది. అక్కణ్ణించి మసీదు గోడ అయిపోయేదాకా పెట్రోమాక్సు లైట్ల బుస, చెప్పుల టపటప, బండి ఎద్దుల మెడలో గంటలు, అంతే. గోడ అయిపోయి కిళ్లీ కొట్టు రాగానే మళ్లీ ఓ సున్నా. చరణంలో ఎక్కడ వదిలారో సరిగ్గా అక్కడే అందుకునేవారు. మసీదు అరుగు మీద ఓ పెద్దాయన తస్బీ తిప్పుకుంటూ కూర్చుని ఉండేవాడు. ట్రంపెట్టు ఎక్కడైనా అపస్వరం పలికితే మర్నాడు మాస్టార్ని పిలిచి మరీ చీవాట్లు పెట్టేవాడు. ‘గణపతికి అలాగేనా వాయించేది’ అని.

హైదరాబాదులో ఇంజినీరింగు వెలగబెడుతున్న మా మనవడికి ఇదంతా చెప్పాను. వాడు పూర్తిగా విని, ‘అంత సఖ్యంగా ఉండేవాళ్లయితే తాతా, మసీదు ముందు మేళం వాయించరాదని నువ్వు కార్బన్ పెట్టి కాపీలు ఎందుకు రాశావ్?’ అన్నాడు. చదువు ఎక్కువైతే ఇలాంటి ప్రశ్నలే వస్తాయి. పడుకోరా అన్నాను.

వాడికి చెప్పలేదుగానీ, ఆ కాగితం వెనక పెద్ద కథే ఉంది. మా కోర్టులో ఓ ముసలి ప్లీడరుగారు సాయంత్రాలు సోడా తాగుతూ చెప్పేవారు. 1882లో సేలంలో మసీదు ముందు మేళం గొడవే ముదిరి ముదిరి పెద్ద అల్లర్లయింది. అందులో ఇరుక్కుని, శిక్షపడి, చివరికి నిర్దోషిగా బయటపడ్డ వకీలు సి. విజయరాఘవాచారియర్. ఆయనే 1920లో నాగపూరు కాంగ్రెసుకి అధ్యక్షుడయ్యాడు. అదే 1882లో ఇంగ్లండులో వెస్టన్-సూపర్-మేర్ అనే ఊళ్లో రక్షణ సైన్యం వాళ్లు డ్రమ్ములు మోగిస్తూ కీర్తనలు పాడుతూ వీధిన పడ్డారు. వాళ్ల మీద కొట్లాటకొచ్చిన అల్లరి మూక ‘అస్థిపంజరాల సైన్యం’ అని పేరు పెట్టుకుంది. పోలీసులు కొట్టినవాళ్లని వదిలేసి వాయించినవాళ్లని పట్టుకున్నారు. పైకోర్టు మొట్టికాయ వేసింది: న్యాయమైన పని చేసుకుంటున్నవాణ్ణి, ఎదుటివాడు అల్లరి చేస్తాడని తప్పుపట్టడానికి వీల్లేదంది. ఇక బొంబాయి. అదీ 1882లోనే. ఐసీఎస్ ఉద్యోగం వదిలేసిన టక్కర్ అనే దొర కాషాయం కట్టుకుని, ఫకీర్ సింగ్ అని పేరు పెట్టుకుని, అదే రక్షణ సైన్యం బాజాతో వీధిలోకొచ్చాడు. మిగతా మతాల వాళ్లు ఏమనుకుంటారోనని పోలీసులు మేళం ఆపమన్నారు. ఆపలేదు, లోపలేశారు. మిగతా మతాల వాళ్లు ఏమన్నారయ్యా అంటే, ఆయన తరఫున కలకత్తాలో గొంతెత్తినవాడు బ్రహ్మసమాజపు కేశవచంద్ర సేన్! ఆ రక్షణ సైన్యమే తరవాత మన బాపట్లలో, స్టువార్టుపురంలో పాతుకుంది. మాకు దాని డ్రమ్ము కొత్త కాదు.

కాబట్టి ఒప్పుకుంటాను, అప్పుడూ కొట్టుకున్నారు. కానీ మా రోజులంటే మా రోజులు, మా తాత రోజులు కాదు. ఆ లెక్కలు నన్ను అడక్కండి.

ఇప్పుడు ఢిల్లీ సంగతి చూడండి. ఏటా జనవరి 29 సాయంత్రం విజయ్ చౌక్‌లో సైనిక బ్యాండ్ల బీటింగ్ రిట్రీట్ జరుగుతుంది. ఆ ఒక్క పూట మా ఇంట్లో రిమోటు నాది. సూర్యుడు దిగుతుంటే అన్ని బ్యాండ్లూ కలిసి ఒక బరువైన పాట వాయించేవి. పైనెక్కడి నుంచో గంటలు దానికి జవాబు చెప్పేవి. నాకు దాని పేరే తెలీదు చాలా ఏళ్లు. ‘ఆ ఏడుపు పాట వచ్చింది, ఇక దీపాలు వెలిగిస్తారు’ అని మా ఆవిణ్ణి పిలిచేవాణ్ణి. అది ‘అబైడ్ విత్ మీ’ అనీ, 1847లో లైట్ అనే పాదిరీ రాసిన చర్చి కీర్తన అనీ, 1861లో మంక్ అనే ఆయన బాణీ కట్టాడనీ, గాంధీగారికి మహా ఇష్టమనీ నాకెప్పుడు తెలిసిందనుకున్నారు? తీసేస్తున్నారని పేపర్లో పడ్డాక. 2020లో తీసేస్తారని వార్త వచ్చి ఉంచేశారు. 2022లో నిజంగానే తీసేశారు. స్వదేశీ బాణీలే ఉండాలన్నారు. దాని బదులు ‘ఏ మేరే వతన్ కే లోగో’ పెట్టారు.

అక్కడే నాకు చిక్కొచ్చి పడింది. ఆ పాటంటే నాకు ప్రాణం. ప్రదీప్ రాసింది, సి. రామచంద్ర కట్టింది, 1963 జనవరి 27న లతా పాడితే నెహ్రూ కళ్లనీళ్లు పెట్టుకున్నది. తిడదామని టీవీ ముందు కూర్చుని నేనూ ముక్కు చీదాను. అయినా నా సణుగుడు నాది. ఉన్న పాటని ఉంచి ఇది కూడా వాయిస్తే ట్రంపెట్లు అరిగిపోతాయా? కీర్తన విదేశీదైతే బ్యాగ్‌పైపు ఏ ఊరిది, గుంటూరుదా? ఆ కోట్లు, ఆ కవాతు, అసలు ఆ రిట్రీటే తెల్లవాడిది. సైనికులు వెనుదిరిగి వెళ్లేటప్పుడు వాయించే ‘సారే జహాఁ సే అచ్ఛా’ రాసింది ఇక్బాల్, 1904లో. ఆయనే 1930లో అలహాబాదులో వాయవ్యంలో ముస్లింలకో రాజ్యం ఉండాలన్నాడు. అయినా ఆ పాటకి నా కాళ్లు కుర్చీ కిందే కవాతు చేస్తాయి. వాటికి ఇక్బాల్ ఎవరో తెలీదు. తెలిసినా ఆగవు.

మా మనవడికి ఇంకోటి కూడా చెప్పాను. వినాయకుడి ముందు నువ్వు షర్టు తడిసేలా ఎగిరే ఆ తీన్‌మార్ ఉందే, అది మర్ఫా నుంచి వచ్చిందిరా, మర్ఫా నిజాం కొలువులో ఉన్న ఆఫ్రికా సిద్దీలదీ, బార్కస్ అరబ్బులదీ అన్నాను. కాస్త సిగ్గుపడతాడనుకున్నాను. ‘సూపర్ తాతా’ అని ఇంకాస్త ఎగిరాడు.

నా అసలు బాధ ఈ డీజే. మా రోజుల్లో మసీదు ముందు మేళం ఆపి మనుషులు నడిచేవారు. ఇప్పుడు బండి ఆపి సౌండు పెంచుతున్నారు. ఏ మతం వాళ్లూ తక్కువ తినలేదు, నాకు అందరి రూట్లూ తెలుసు. క్లారినెట్టుతో ఎవణ్ణీ తిట్టలేం, దానికి మాటల్లేవు కనక. ఆ డబ్బాలకి మాటలున్నాయి, అవీ ఏరి ఏరి పెట్టినవి. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా మైకులు వద్దని సుప్రీంకోర్టు 2005లోనే చెప్పింది. 2024లో హైదరాబాదు పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలే వద్దన్నారు. ఆ ఉత్తర్వు చదివి నాకు పదేళ్ల వయసు తగ్గింది. మళ్లీ కార్బన్ పేపరు కొనుక్కుందామా అనిపించింది.

మొన్న మా వీధి కుర్రాళ్లు చవితి చందాకి వచ్చారు. బ్యాండు మేళం పెడితే ఇస్తాను, డీజే అయితే పైసా ఇవ్వనన్నాను. ‘బ్యాండు వాళ్లు ఎక్కడున్నారు తాతగారూ, మీ మాస్టారి మనవడే ఇప్పుడు డీజే నడుపుతున్నాడు’ అన్నారు. ఫోను కలిపి నా చేతికిచ్చారు. ఆ అబ్బాయి మర్యాదస్తుడే, సలాం చెప్పాడు. ‘మీరు మా తాతకి తెలిసినవారు, మీకోసం తగ్గిస్తాను సార్’ అన్నాడు. తగ్గించమంటున్నది రేటు కాదురా, సౌండు అన్నాను. వెనకాల ఏదో టెస్టింగ్ చేసుకుంటున్నాడు, వినపడలేదు వాడికి.